ఒకే మంచె మీద గుమ్మడి, ఉల్లిగడ్డ: వరంగల్ దగ్గరి ధర్మసాగర్ వైపు ఒక పెరటి నిల్వ లెక్క

ఐదుగురున్న ఇల్లు. ఇంటి వెనుక గుంటన్నర పెరడు. ఎర్ర చెల్క నేల. ఒక మూల మాత్రం జాలారి (అంట్లు తోమే, స్నానాల చోటు) నీళ్ళు పారి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నాలుగు మడుల్లో కలిపి నలభై చదరపు మీటర్ల ఉల్లి, ప్రహరీ వెంట ఆరు గుమ్మడి పాదులు. పండించడంలో ఆ ఇంటికి ఏ లోటూ లేదు. మొదటి ఏడు ఆకు కోసేసి తూకం వేస్తే తొంభై కిలోల ఉల్లిగడ్డ వచ్చింది. వారానికి కిలో ముప్పావు వాడకం ఉన్న ఇంటికి అది ఏడాది పంట. కానీ ఆగస్టు ఆఖరుకు తిన్నది ముప్ఫై ఆరు కిలోలు, మిగిలినవాటిలో పనికొచ్చేది ఎనిమిది కిలోలు. ఆరుదలకు పోయింది పోగా ముప్ఫై కిలోలకు పైగా పెంటకుప్ప మీదికి చేరింది. జనవరిలో గింజ పెట్టిన గుమ్మడి మే నెలలో ఇరవై రెండు కాయలిస్తే, జూలై నడుమకల్లా పదమూడు కాయలు అడుగు మెత్తబడి నీరు కారాయి.

సరుకు ఉంచింది రేకుల గదిలో. ఉల్లిగడ్డలు గోనె సంచుల్లో, సంచి మీద సంచి. వాటి పక్కనే సిమెంటు గచ్చు మీద గుమ్మడికాయలు. అదే గదిలో వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగేశారు. ఇందులో ఒక్కటీ వింత పని కాదు, మన ఊర్లల్లో సగం ఇండ్లల్లో కనిపించే ఏర్పాటే.

రెండో ఏడు చేసిన పెద్ద మార్పు గది గురించి కాదు, నెలల గురించి. గుమ్మడికి నిల్వలో చల్లటి పొడి గాలి కావాలి. పది నుంచి పదిహేను డిగ్రీలైతే మరీ మంచిది. మనకు ఆ దరిదాపుల్లోకి వచ్చేది నవంబరు నుంచి జనవరి దాకానే. ఉల్లిగడ్డ తీరు వేరు. కోల్డ్ స్టోరేజీలో సున్నా నుంచి రెండు డిగ్రీల్లో ఉంటుంది, లేదా బయట ఇరవై ఐదు నుంచి ముప్ఫై డిగ్రీల వేడిలో ఉంటుంది. ఈ రెంటికీ నడుమ, పది నుంచి ఇరవై డిగ్రీల దగ్గర నిద్ర లేచి మొలకెత్తుతుంది. అంటే ఉల్లి ఎండాకాలపు నిల్వ, గుమ్మడి చలికాలపు నిల్వ. రెండింటినీ మే నెలలో ఒకే గదిలోకి తెచ్చిపెడితే గుమ్మడి ఎట్లాగూ నిలవదు. అందుకే గుమ్మడిని యాసంగి నుంచి తీసేసి మిరుగు కార్తెకు జరిపారు. జూన్‌లో గింజ, అక్టోబరు చివర కోత, నవంబరు నుంచి వెదురు అంతస్తుల మంచె మీద. ఫిబ్రవరి ఆఖరుకు కాయలు అయిపోతాయి, మంచె ఖాళీ అవుతుంది, ఏప్రిల్‌లో ఉల్లిగడ్డ ఎక్కుతుంది.

మంచె

ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడు అంతస్తులు. కాళ్ళు సుబాబుల్ కర్రలు, పరుపు చీల్చిన వెదురు బద్దలు. బద్దకూ బద్దకూ నడుమ వేలు దూరేంత సందు. చిన్న గడ్డ జారిపడకూడదు, గాలి మాత్రం కింది నుంచి రావాలి. కింది అంతస్తు నేలకు అడుగున్నర ఎత్తు. స్థలం రేకుల గదిలోంచి గూనపెంకుల వసారాకు, ఉత్తరం వైపుకు మారింది. గోడకు అడుగు ఎడం వదిలారు. మే నెలలో వరంగల్‌లో పగలు నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు మామూలే. రేకు కింద అంతకన్నా ఎక్కువే. ఆ వేడికి ఉల్లిగడ్డ పై పొరలు ఉడికి, కోస్తే అద్దంలా కనిపిస్తాయి. అట్లాంటి గడ్డ మొదటి వానలకే మెత్తబడుతుంది.

ఈ మంచెకు పెద్ద ఖర్చు లేదు. జాలి సంచుల్లో నింపి వాసాలకు వేలాడదీసినా పని నడుస్తుంది, కాకపోతే సంచికి ఐదు కిలోలు మించకూడదు. సంచి మధ్యలో ఒక గడ్డ కుళ్ళితే పైనుంచి కనిపించదు. మంచె మీద పలుచగా పరిస్తే కనిపిస్తుంది. దాని అసలు లాభం అదే.

ఉల్లిగడ్డ: నీళ్ళు ఆపే రోజు

రకం రెండేండ్లూ ఒకటే, భీమా శక్తి. యాసంగికి తగిన ఎర్ర రకం, ఐదారు నెలలు నిలిచే గుణం ఉన్నది. అక్టోబరు చివర నారు పోసి, డిసెంబరు రెండో వారంలో వరుసకూ వరుసకూ పదిహేను సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ పది సెంటీమీటర్ల ఎడంతో నాటారు. వానాకాలపు ఉల్లిని నిల్వకు పెట్టాలని చూడొద్దు. దానిలో నీరెక్కువ, మెడ సరిగా మూయదు; వచ్చింది వచ్చినట్టు తినాల్సిందే.

మొదటి ఏడు కోతకు రెండు రోజుల ముందు కూడా తడి ఇచ్చారు, నేల మెత్తగా ఉంటే పీకడం తేలికని. పైగా నాటిన రెండు నెలల తర్వాత ఇంత యూరియా కూడా చల్లారు. చివరి నత్రజని నాటిన నలభై ఐదు రోజులకల్లా అయిపోవాలి. ఆలస్యంగా వేస్తే మొక్క ఆకు పెట్టుకుంటూనే పోతుంది, మెడ లావవుతుంది. లావు మెడ ఎండదు, ఆ తడి మెడలోంచే కుళ్ళు లోపలికి దిగుతుంది. రెండో ఏడు యూరియా జనవరి ఆఖరుతో బందు. మార్చి రెండో వారంలో మడుల్లో అక్కడక్కడా ఆకు వాలడం మొదలవగానే నీళ్ళు ఆపారు. కోతకు పది నుంచి పదిహేను రోజుల ముందు తడి ఆగిపోవాలి. నేల గట్టిపడితే గడ్డపారతో పక్కనుంచి సడలించి లేపాలి, ఆకు పట్టుకుని లాగకూడదు. మెడ దగ్గర చిరిగిన గడ్డ ఎన్నాళ్ళో ఉండదు.

కోత గుర్తు: మడిలో సగం మొక్కల మెడలు వాటంతట అవే వాలాలి. ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, ఫరవాలేదు. కొందరు తొందరకొద్దీ కాలితో తొక్కి ఆకును పడగొడతారు. దాంతో మెడ నలుగుతుందే తప్ప గడ్డ ముదరదు. మొత్తం ఆకు ఎండేదాకా ఆగినా నష్టమే, పై పొరలు రాలి గడ్డ నగ్నంగా బయటికొస్తుంది.

లేపిన గడ్డలను మడిలోనే మూడు నాలుగు రోజులు ఆరబెట్టారు. ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డల మీద పడేటట్టు పేర్చాలి. ఎండ ఆకుకు తగలాలి, గడ్డకు తగలకూడదు. ఆ తర్వాత ఆకుతో సహా వసారా నీడలోకి. మార్చి, ఏప్రిల్‌లో రాళ్ళ వాన భయం ఉండనే ఉంది. 2023 మార్చిలో ఉత్తర తెలంగాణలో వడగండ్లు ఏం చేశాయో అందరికీ గుర్తే. మబ్బు పట్టిన రోజున గడ్డలు మడిలో ఉండకూడదు. ఒకవేళ తడిస్తే కడగొద్దు, తుడవొద్దు. తడక మీద ఒకే వరుసగా పరిచి ఫ్యాను పెట్టాలి.

నీడలో పది రోజులు ఆరాక ఆకు కోశారు, గడ్డ మీద రెండు, రెండున్నర సెంటీమీటర్ల మెడ వదిలి. నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది, అయితే అది కుళ్ళుకు తలుపు తీసినట్టే. వేర్లు పొడిగా ఉంటే చేత్తో రుద్దితే రాలిపోతాయి. మెడను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపితే ఎండుటాకు లాగా గరగరమనాలి. లోపల జారుతున్నట్టు తగిలితే అది ఇంకా ఆరాలి. ఈ ఒక్క పరీక్షకు ఓపిక పట్టనివాళ్ళకు మంచె ఎంత మంచిదైనా లాభం లేదు.

ఏరివేత, తినే వరుస

రెండో ఏడు వచ్చిన ఎనభై ఆరు కిలోల్లో పదిహేడు కిలోలు అసలు మంచె ఎక్కలేదు. లావు మెడలు, జంట గడ్డలు, పూకాడ వేసినవి, పార గాటు పడినవి. లావు మెడల్లో ఎక్కువ భాగం జాలారి పక్క మడిలోవే. ఎంత ఆపినా ఆ మడికి తడి పోలేదు. మరుసటి ఏడు అక్కడ ఉల్లికి బదులు పుదీనా, చామగడ్డ పెట్టమని చెప్పడమైంది. పూకాడ వేసిన గడ్డ నడిమిలో గట్టి కాడ ఉంటుంది, అది ఎండితే సొరంగమవుతుంది, తేమ సరాసరి లోపలికి పోతుంది.

ఈ పదిహేడు కిలోలను ఏప్రిల్ నుంచి జూన్ నడుమ దాకా వంటింట్లో వాడారు. మొదటి ఏడు సరిగ్గా దీనికి ఉల్టా జరిగింది: మంచి గడ్డలు ఏరుకుని వండారు, వంకర గడ్డలను తర్వాత చూద్దామని సంచిలో వదిలారు. సంచిలో మొదట కుళ్ళింది అవే, పక్కవాటిని చెడగొట్టిందీ అవే.

మిగిలిన అరవై తొమ్మిది కిలోలు మూడు అంతస్తుల్లో, రెండు వరుసలు మించకుండా. ఆరు సెంటీమీటర్లు దాటిన పెద్ద గడ్డలు కింద, నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లవి నడిమిన, పైన. పెద్దవి ముందు తినాలి, నడిమి సైజువే ఎక్కువ కాలం నిలుస్తాయి. మూడున్నర సెంటీమీటర్ల లోపు పొట్టివి తొందరగా ఎండి గుల్లబారతాయి. వాటిని పొట్టు తీసి పులుసులోకి గడ్డగడ్డగానే వేసుకోవచ్చు.

మే నెలలో పెద్ద నష్టమేమీ ఉండదు, తూకం తగ్గుతుంది, అంతే. అసలు పరీక్ష ముసురు పట్టినప్పుడు. జూలైలో నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా తుంపర పడితే మంచె మీది పొరలు మెత్తబడి చేతికి అంటుకుంటాయి. పడమటి జల్లు కొట్టకుండా టార్పాలిన్ కట్టారు సరే, వాన ఆగినా విప్పకపోతే లోపల చెమ్మ పట్టి అసలుకే మోసం. జల్లు ఆగగానే పైకి చుట్టేయాలి. రాత్రి పూట టేబుల్ ఫ్యాను మంచె కింది నుంచి తిప్పారు. బయటి గాలే తడిగా ఉన్నప్పుడు ఫ్యాను గడ్డలను ఆరబెట్టదు. వాటి మీద చెమ్మ నిలవకుండా మాత్రం చూస్తుంది. అది చాలు. బూడిద చల్లమని, వేపాకు పరవమని పెద్దలు చెబుతారు. వేపాకు పురుగుకు పనికొస్తుందేమో గాని కుళ్ళుకు కాదు, బూడిద వానాకాలంలో తేమ పీల్చి గడ్డకే అంటుకుంటుంది. రెండూ వద్దు. ఆలుగడ్డ కూడా దరిదాపుల్లో పెట్టొద్దు, అది వదిలే తేమ ఉల్లిగడ్డను చెడగొడుతుంది.

వానల్లో వారానికి రెండు సార్లు చూడాలి, ముందు ముక్కుతో. పుల్లని నీచు వాసన వస్తే ఎక్కడో మెత్తకుళ్ళు మొదలైనట్టు. ఆ గడ్డనూ దానికి తగిలిన గడ్డలనూ తీయాలి, మిగతావాటిని కదపొద్దు. ఊరికే కెలికితే పొరలు రాలతాయి.

పొరల నడుమ నల్లటి మసి వేరే సంగతి. అది ఆస్పర్జిలస్ నైగర్ అనే బూజు, వేడి, తేమ కలిసినప్పుడు వస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ భయం నడిచినప్పుడు ఉల్లిగడ్డ మీది ఈ మసితోనే ఆ జబ్బు వస్తుందని వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఆ జబ్బు తెచ్చే శిలీంధ్రాలు వేరు, ఇది వేరు. మసి పై పొరలకే ఉండి లోపలి కండ గట్టిగా ఉంటే రెండు పొరలు తీసి, కడిగి వండుకోవచ్చు. లోపలిదాకా నల్లబడినా, మెత్తబడినా పారేయాలి. ఆ పొట్టు దులిపే పని వంటింట్లో, మంచె దగ్గర వద్దు. మసి లేచి పక్క గడ్డల మీద పడుతుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకు పడదు కూడా.

అక్టోబరు ఆఖరుకు లెక్క: ఏడు నెలల్లో తిన్నది యాభై రెండు కిలోలు, ఆరుదల పదకొండు, కుళ్ళు పది, మిగులు పదమూడు. మిగులులో సగం మొలకలు వేసినవే. మొలకెత్తిన గడ్డ తినడానికి భేషుగ్గా పనికొస్తుంది, కాకపోతే కండ తగ్గుతుంది. అట్లాంటివి పది గడ్డలు తీసి పాత బకెట్లో మట్టి పోసి పెడితే మూడు వారాల్లో ఉల్లాకు వస్తుంది. సర్వపిండిలోకి అంతకన్నా మంచిది లేదు.

గుమ్మడి: బతుకమ్మకు పూలు, మంచెకు కాయలు

రకం అర్క చందన్. కాయ రెండు మూడు కిలోలే ఉంటుంది. ఎనిమిది కిలోల కాయ చూడ్డానికి ఘనం, ఐదుగురికి కోస్తే సగం చెడిపోతుంది.

వానాకాలపు గుమ్మడికి రెండు చిక్కులు. ఒకటి తడి నేల. కాయ పిడికెడంత అవగానే దాని కింద ఒక పెంకు ముక్క పెట్టాలి. రెండోది పండు ఈగ. ఇది లేత కాయలోకి గుచ్చి గుడ్డు పెడుతుంది. కొన్ని కాయలు రాలతాయి, కొన్ని మాత్రం గాటు మానిపోయినట్టే పెరిగి ముదురుతాయి. మంచె ఎక్కాక లోపలి నుంచి కుళ్ళేవి ఇవే. తొక్క మీద సూది మొన అంత గుంట, దాని చుట్టూ ఎండిన బంక కనిపిస్తే ఆ కాయను నిల్వకు పెట్టొద్దు. వెంటనే కోసి, పురుగు లేని భాగం వండుకోవాలి. పిందె పడ్డ మొదటి మూడు వారాలు పాత నూలు గుడ్డ వదులుగా చుడితే ఈగ చేరదు. పెరట్లో పాతిక కాయలకు అది చేయగలిగే పనే. రాలిన పిందెలను పాదు దగ్గరే వదలకుండా రెండడుగుల లోతున పూడ్చాలి, లేకుంటే ఆ పురుగే మళ్ళీ ఈగై వస్తుంది.

పూల సంగతి ఈ ఇంట్లో కొంత గొడవైంది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా వాడకట్టంతా గుమ్మడి పువ్వు కోసం వస్తుంది, ఆకు తాంబాళంలో పరవడానికి, పువ్వు నడిమి భాగం గౌరమ్మకు. పూలు తెంపితే కాయలు పోతాయని ఇంటి పెద్దామె భయం. ఆ భయానికి ఆగస్టులో ఆధారం ఉంది, బతుకమ్మ నాటికి లేదు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నని పొడుగు కాడ ఉన్నది మగపువ్వు. పువ్వు విచ్చిన నాటి నుంచి కాయ ముదరడానికి నెలన్నర పడుతుంది. నిల్వకు నిలిచే కాయలన్నీ ఆగస్టు, సెప్టెంబరు మొదట్లో పడ్డ పిందెలవే. సెప్టెంబరు చివర విచ్చిన ఆడపువ్వు కాయ అయ్యేసరికి తీగే ముసలిదవుతుంది. కాబట్టి బతుకమ్మకు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేయొచ్చు. ఆగస్టులో మాత్రం తెల్లవారుజామునే మగపూలన్నీ కోయకూడదు. తేనెటీగల పని పొద్దున తొమ్మిది లోపే అయిపోతుంది. పాదుకు రెండు మూడు వదిలితే సరిపోతుంది.

కోత గుర్తులు మూడూ కలవాలి. గోరు గుచ్చితే తొక్కలోకి దిగకూడదు. తొడిమ పచ్చదనం పోయి బెండులా గట్టిపడాలి. నేలకు ఆనిన మచ్చ తెలుపు నుంచి ముదురు పసుపుకు తిరగాలి. వాన ఆగి రెండు రోజులు ఎండ కాశాక, కత్తెరతో నాలుగు వేళ్ళ తొడిమ ఉంచి కోయాలి. తొడిమ పట్టుకుని మోస్తే ఊడుతుంది, ఊడిన చోట వారంలో బూజు. అట్లా ఊడిన కాయలు మూడు ఉంటే వాటిని ముందే వంటకు పెట్టుకున్నారు.

పది రోజులు వసారాలో గాలికి ఆరాక మంచె మీదికి, పల్చగా వరిగడ్డి వేసి ఒకే వరుసగా, కాయకు కాయ తగలకుండా. కాయ మీద కాయ పెడితే ఒత్తిడి పడ్డ చోట లోపల కమిలి, బయటికి తెలియకుండానే చెడుతుంది. ఇరవై ఆరు కాయల్లో ఫిబ్రవరి ఆఖరు దాకా పాడైనవి నాలుగు, అందులో మూడు ఈగ గాటువే. మార్చి ఎండలు ముదిరాక ఎంత మంచి కాయైనా పీచెక్కి తూకం తగ్గుతుంది, అప్పటిదాకా దాచడంలో అర్థం లేదు. మామిడి మాగేసే గదిలో అయితే అసలే వద్దు, మాగే పండు వదిలే వాయువుకు తొక్క పసుపెక్కి తొడిమ ఊడుతుంది.

వంటింట్లో

కోసిన వారమే తింటే గుమ్మడి చప్పగా ఉంటుంది. నిల్వలో పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఈ ఇంట్లో బాగా తీపెక్కింది డిసెంబరు, జనవరిలో. కోయగానే పచ్చి ముక్క నాలుక చివర పెట్టి చూడాలి. చేదు తగిలితే ఆ కాయ మొత్తం పారేయాలి, ఉడికించినా ఆ చేదు పోదు, కడుపు పాడుచేస్తుంది.

సగం కాయ మిగిలితే గింజలు, పీచు గోరి తీసేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. గింజలు, పీచు అట్లాగే వదిలితే రెండో రోజుకే జిగటవుతుంది.

పులుసుకు అరకిలో ముక్కలు, తొక్కతోనే. తొక్క తీస్తే ముక్క చెదిరి పప్పులా అవుతుంది. పోపులో రెండు ఉల్లిగడ్డలు దోరగా వేగాక ముక్కలేసి, పసుపు, ఉప్పు, కారం, గ్లాసు నీళ్ళు. ముక్క ముప్పావు ఉడికాకే నిమ్మకాయంత చింతపండు పులుసు పోయాలి. ముందే పోస్తే పులుపుకు ముక్క గట్టిగా నిలబడిపోతుంది. చివర ముప్ఫై గ్రాముల బెల్లం, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి. నిల్వ కాయకు బెల్లం తగ్గించుకోవాలి, నవంబరు కొలతే జనవరిలో వేస్తే పాయసమైపోతుంది.

ఉల్లిగడ్డకూ ఇట్లాంటి కాలమానమే. ఏప్రిల్‌లో వాడే లావు మెడ గడ్డలు నీరుగా, ఘాటు తక్కువగా ఉంటాయి. జొన్నరొట్టెలో, పచ్చిపులుసులో పచ్చిగా బాగుంటాయి. ఆగస్టు గడ్డ ఆరి ఘాటెక్కుతుంది, అది వేయించే కూరలకు, ఉల్లిగడ్డ కారానికి.

నవంబరు మొదట్లో మిగిలిన ఉల్లిగడ్డ, కొత్త గుమ్మడి మూడు వారాల పాటు ఒకే మంచె మీద కలుస్తాయి. అప్పుడు ఉల్లిని మొత్తం పై అంతస్తుకు చేర్చి, కింది రెండు అంతస్తుల బద్దలు చీపురుతో దులిపి, ఒక రోజు ఎండకు తీసి, కొత్త వరిగడ్డి వేశాకే గుమ్మడి ఎక్కించారు. పాత గడ్డి మళ్ళీ వాడలేదు, బర్రెలకూ వేయలేదు, బూజు అంటిన గడ్డి కదా, నేరుగా ఎరువు గుంతలోకే. చోటు చాలక బయటే ఉన్న నాలుగైదు కాయలను రెండు వారాలు నులక మంచం కింద పెట్టి, ఉల్లి తగ్గిన కొద్దీ పైకి చేర్చారు.